డబ్బా వెనక కొండ

బేతంచెర్ల చుట్టూ ఇరవై ఊళ్ళు గాలించినా తిమ్మయ్య వేళ్ళకు సాటి వచ్చే వేళ్ళు దొరకవు. ఒట్టేసి చెబుతున్నాను. బలపం రాయిని పొడి కొట్టే మిల్లులో నలభై ఏళ్ళు ఆయన చేసిన పని ఒకటే. గోతం మూతి విప్పగానే చిటికెడు పొడి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్కసారి రుద్దేవాడు. "ఇది తూర్పు గనిది. ఇది పడమటి గనిది. దీంట్లో నాపరాయి దుమ్ము కలిసింది, లారీ తిప్పుకోండి" అంటే లారీ తిరగవలసిందే. కళ్ళకు గంతలు కట్టి పరీక్ష పెట్టినా ఆ వేళ్ళు ఒక్కసారీ తప్పలేదు.

అంతటి వేళ్ళు, పోయిన వారం మనం వదిలిపెట్టే వేళకు, పంచె అంచును ఊరికే నలుపుతున్నాయి.

మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే మన బండి ఎక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. తిమ్మయ్య మనవరాలు స్వర్ణలత బస్టాండు వెనక రెండు కుర్చీల బ్యూటీ పార్లరు నడుపుతోంది. తాతా మనవరాళ్ళకు అదే బతుకుతెరువు. ఆ పిల్ల చేత్తో కలిపే నలుగు పొడికి ఊళ్ళో మంచి పేరు. అందులో పెసరపిండి, కస్తూరి పసుపు, నాము సుద్ద, పిడికెడు బలపం పొడి ఉంటాయి. బలపం తెచ్చిపెట్టే పూచీ తాతది. ఆ నలుగు పూయించుకున్న మర్నాడే శ్రావణి అనే అమ్మాయి మొఖం ఎర్రగా కమిలి, పొట్టు లేచింది. శ్రావణి ఎవరో కాదు, పార్లరున్న గది సొంతదారు కృష్ణవేణమ్మ కూతురు. నాపరాళ్ళు పాలిషు పట్టే రెండు ఫ్యాక్టరీల యజమానురాలు కృష్ణవేణమ్మ, కూతుర్ని వెంటబెట్టుకుని కారు దిగింది. "పొద్దు గూకేలోగా గది ఖాళీ చేయండి" అంది. అక్కడ ఆగాం.

లోపల ఫ్యాను కిరకిరమంటోంది. అద్దం తలుపు అవతల అరుగు మీద, తమ వంతు కోసం వచ్చిన ఆడవాళ్ళు బెంచీ నిండా కూర్చున్నారు. చేతుల్లో ఫోన్లున్నాయి గానీ చెవులన్నీ తలుపుకే అతుక్కుని ఉన్నాయి.

"మాట్లాడవేమప్పా తిమ్మయ్యా," అంది కృష్ణవేణమ్మ. "బలపంలో నాపరాయి దుమ్ము కలిపేది నాకు తెలీదనుకున్యావా? నా ఫ్యాక్టరీల కాడ కుప్పలు పోసిన దుమ్మే గదా మీ మిల్లోళ్ళు ఎత్తుకపోయేది. ఆ గరుకు దుమ్ము తెచ్చి నా బిడ్డ మొగాన రుద్దినారు."

తిమ్మయ్య తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

ఇక్కడ నేను కాస్త వెనక్కి తగ్గాలి. ఒక్కసారీ తప్పలేదన్నాను గదా, తప్పాయి. మూడుసార్లు. ఒకసారి కడపలో వియ్యంకుడి ఇంట్లో బియ్యప్పిండి పట్టి చూసి "రెండో రకం బలపం" అని తేల్చాడు. ఆ పూట వియ్యపురాలు ఆయన విస్తట్లో అత్తిరసాలు వెయ్యలేదు. ఇంకోసారి లారీడు నాపరాయి పొడిని మొదటి రకమని దించుకున్నాడు. మూడోది ఏమిటో నాకు చెప్పనే లేదు. కళ్ళకు గంతలు కట్టి పరీక్ష పెట్టేంత తీరిక మిల్లులో ఎవరికీ లేదు. అసలు సంగతి వేరే ఉంది. నలభై ఏళ్ళ గోతాలూ రాళ్ళూ ఆ వేళ్ళ మీది గీతలను అరగదీసేశాయి. రేషను అంగడిలో వేలిముద్ర మిషను మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా, అలాంటి మనిషే లేడంటుంది అది. మిషనుకే కాదు, ఆయనకే ఈ మధ్య ఏదీ సరిగ్గా తెలియడం లేదు. మెత్తనా, గరుకా, అంతా ఒకటే.

అందుకని ఈసారి ఆయన వేళ్ళను పక్కనబెట్టి దారాన్ని నమ్మాడు. మిల్లులో మొదటి రకం గోతం మూతికి ఎర్రదారం కుడతారు, కల్తీదానికి నీలి దారం. ఎర్రదారం చూశాడు, గోతం భుజాన వేసుకొచ్చాడు. ఆ దారం కుట్టినవాడి చెయ్యి తప్పి ఉంటే? మూడు రోజులుగా ఆయనకు ముద్ద దిగనివ్వని ప్రశ్న అదే.

"పాపా," అన్నాడు మనవరాలితో, గొంతు తగ్గించి. "ఈ తూరి నేను రుద్ది చూల్లేదు. దారం చూసి తెచ్చినా."

స్వర్ణలత తాత మొఖంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాడు. "నిమ్మకాయ ఉండాది, తెస్తా," అంది.

అది మిల్లువాళ్ళ పాత పరీక్ష. వేళ్ళకు అనుమానం వచ్చినప్పుడు చేసేది. బలపం మీద నిమ్మరసం పడితే ఉలకదు, పలకదు. నాపరాయి పొడి మీద పడితే పొంగుతుంది. తిమ్మయ్య గడప దగ్గర చతికిలబడి, నేల మీద పరిచిన నాపబండ అంచును తాళంచెవితో గీకి చిటికెడు పొడి రాల్చాడు. దాని పక్కనే సాసరులో మనవరాలి గోతంలోని బలపం పోశాడు. మనవరాలు కోసిచ్చిన నిమ్మచెక్క ముందు బండ పొడి మీద పిండాడు. సన్నటి నురుగు బుసబుసమని లేచింది.

"అది మీ బండ, తల్లీ," అన్నాడు. "ఇంగ ఇది మా బలపం."

రెండో చెక్క పిండేటప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన చెవులు నురుగు చప్పుడు కోసం వెతికాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కళ్ళు తెరిచాడు. పొడి తడిసి ముద్దయింది, అంతే. ఒక్క బుడగ లేదు.

"పొంగలేదు, సరే," అంది కృష్ణవేణమ్మ. ఓడిపోవడం అలవాటు లేని గొంతు. "అయితే నా బిడ్డ మొగం దానంతటదే కాలిపోయిందా?"

"అది తెలుసుకునేకే అడగతాండా అమ్మా," అంది స్వర్ణలత. "శ్రావణీ, మొగానికి నువ్వు రాసేటివన్నీ తియ్యి."

శ్రావణి మొఖం కప్పుకున్న చున్నీ చాటునుంచే సంచి బల్ల మీద బోర్లించింది. అద్దమున్న గుండ్రటి పౌడరు డబ్బా ఒకటి. చుక్కలు చుక్కలుగా వేసుకునే సీరం బుడ్డి ఒకటి. కలబంద బొమ్మ ఉన్న క్రీము ఒకటి. వీటి కిందనుంచి దొర్లుకుంటూ, చిన్న తెల్ల డబ్బా ఒకటి.

స్వర్ణలతకు ఒక అలవాటుంది. పార్లరుకొచ్చిన ఆడవాళ్ళను ఖాళీ డబ్బాలు పారేయకుండా తెమ్మంటుంది. గోడ పొడుగునా అరల్లో పేర్చి, ఒక్కోదాని వెనక ఉన్న చీమకాళ్ళంత అక్షరాలను ఫోనులో పెద్దవి చేసుకుని చదువుతుంది. ఏ పేరు ఏ పని చేస్తుందో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. జనం డబ్బాల ముందు భాగం చూసి కొంటారు. ఈ పిల్ల వెనక చూస్తుంది.

కలబంద డబ్బా తిప్పింది. "ఈ వరసలో ముందు రాసింది ఎక్కువుంటాది, పోనుపోను తగ్గుతాది. వంకాయ కూరలో ముందు వంకాయ, కడాకు ఉప్పు రాసినట్టు. దీంట్లో మొదటిది నీళ్ళు. కలబంద ఇరవయ్యో పేరు, వాసన నూనె కంటే కింద."

"ఆ క్రీము నాది," అంది కృష్ణవేణమ్మ. "శానా కలబంద ఉండాదనే తెప్పించుకున్యా."

"కలబంద దాని పక్కనుంచి నడిచిపోయుంటాది తల్లీ," అన్నాడు తిమ్మయ్య. చున్నీ చాటున శ్రావణి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వగానే చర్మం సాగి, అబ్బా అనుకుంది.

స్వర్ణలత సీరం బుడ్డి ఎత్తింది. "నయాసినమైడ్. ఇది విటమిన్. తవుడులో ఉండే విటమినుకు చుట్టం. మచ్చల్ని మెల్లగా తగ్గిస్తాది, చర్మం తేమ పోకుండా గోడ కడతాది. గ్లిజరిన్ తేమను పట్టుకోనుంటాది. మన అంగట్లో ఎనభై రూపాయల క్రీములో ఉండేది, ఈ పదహైదు నూర్ల బుడ్డిలో ఉండేది అదే గ్లిజరిన్. ఇవేవీ ఇట్ల కాల్చేటివి కాదు." తర్వాత అద్దం డబ్బా తిప్పింది. వెండి రంగు మూత, బెంగుళూరు నుంచి తెప్పించినది. "ఇదీ కాదు. టాల్క్, మైకా, కయొలిన్, ఐరన్ ఆక్సైడ్..."

"మొదటిదేమన్యావు?" అన్నాడు తిమ్మయ్య.

"టాల్క్. అంటే బలపం, తాతా."

"ఏ బలపం?"

"బలపానికి ఎన్ని రకాలుంటాయి? నువ్వు నలభై ఏండ్లు గోతాలకెత్తిన బలపమే. అదే ఎక్కువుండాది దీంట్లో. మైకా అంటే కాకిబంగారం, మెరిసేదానికి."

"అది మనది కాదు. గూడూరు గనులోళ్ళది."

"కయొలిన్ అంటే నాము సుద్ద. ఐరన్ ఆక్సైడ్ అంటే కావి. తెల్లగుండేవాళ్ళకు రవ్వంత, నల్లగుండేవాళ్ళకు ఇంగొంచెం. మొగం రంగుకు సరిపోయేది ఆ కావితోనే."

తిమ్మయ్య లేచి బల్ల దగ్గరకొచ్చాడు. డబ్బాను ముట్టుకోవచ్చా అన్నట్టు కృష్ణవేణమ్మ వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. రెండు చేతులతో, ప్రసాదం అందుకున్నట్టు అందుకున్నాడు.

మిల్లులో పనిచేసిన రోజుల్లో తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి మనిషై ఇంటికొచ్చేవాడు. కనురెప్పల మీద పొడి, చెవుల్లో పొడి, ఉమ్మితే పొడి. వీధిలో పిల్లలు దయ్యమొచ్చె, దయ్యమొచ్చె అని పరిగెత్తేవాళ్ళు. భార్య తిరుపతమ్మ బతికున్నన్నాళ్ళూ ఆయన్ని కుళాయి దగ్గరే ఆపి, రెండు బిందెలు కుమ్మరించాక గానీ గడప తొక్కనిచ్చేది కాదు. ఒకసారి పని దిగి అట్నుంచటే శ్రీశైలం బస్సెక్కితే, ఆత్మకూరు దాకా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. ఆ తెలుపు కడుక్కోవడానికి ఆయన ఎన్ని వేల బిందెలు పోసుకుని ఉంటాడో. ఆ తెలుపే ఇప్పుడు వెండి మూత కింద, పట్టుగుడ్డ పరిచినట్టు, అద్దం తోడుగా కూర్చుని ఉంది. ఇళ్ళ గడపలకు పూసే కావి దానికి రంగు. నుదుట నామం దిద్దే సుద్ద దానికి పట్టు. ఎండలో ఎర్రగా తెల్లగా చారలు చారలుగా నిలబడే కొండ ఒకటి ఆయన కళ్ళకు కట్టింది. ఆ కొండే చిన్నదై చిన్నదై ఈ డబ్బాలో దూరి మూతేసుకుంది.

"అంటే పాపా," అన్నాడు, "పెండ్లిండ్లలో, టీవీల్లో, ఆ మెరిసేవాళ్ళందరూ... మన కొండనే పూసుకున్యారా?"

"ఎవురి కొండో ఒకరిది, తాతా."

"నేను కడుక్కొనింది, వాళ్ళు కొనుక్కుంటాండారు." ఆయన నవ్వలేదు. కోపమూ లేదు. గుళ్ళో గర్భగుడి తలుపు తీసినప్పుడు మనుషులు ఎలా నిలబడతారో అలా నిలబడ్డాడు. అరచేతిలో డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. వేళ్ళకు తెలియని మెత్తదనం మనసుకు తెలిసింది.

శ్రావణి చున్నీ తీసేసి మరీ ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. రోజూ మొఖానికి అద్దుకున్న పొడిలో ఇంతమంది ఉన్నారని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

కృష్ణవేణమ్మే ముందు తేరుకుంది. "సంబరం సరే. నాకు జవాబు కావాల."

స్వర్ణలత ఆఖరి డబ్బా చేతికి తీసుకుంది. చిన్నది, తెల్లది. తిప్పి చూసింది. అడుగు చూసింది, మూత లోపల చూసింది. మిగతావాటన్నిటికీ వెనక ఏదో ఒకటి రాసి ఉంది. దీనికి అసలు వెనకే లేదు. ఒక్క అక్షరం లేదు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి రాస్తాండావు?"

"సంవత్సరమైతాది అక్కా," అంది శ్రావణి. "రాసిన వారానికే మొగం అద్దం మాదిరి అయింది. పోయిన వారం అయిపోయింది. నాలుగు దినాలు రాయకపోతే మొగం చిమచిమలాడింది. సల్లగుంటాదని నీ కాడ నలుగు పూయించుకున్యా."

"అయితే మంట నలుగు కంటే ముందే మొదలైంది."

శ్రావణి తల ఊపింది.

"ఎవరిచ్చినారు నీకు?"

శ్రావణి నేల వైపు చూసింది. తర్వాత, తనకు తెలియకుండానే, తల్లి వైపు చూసింది.

స్వర్ణలత దూదిని నీళ్ళలో ముంచి పిండింది. ఖాళీ కుర్చీని కృష్ణవేణమ్మ వైపు తిప్పింది. "కూర్చోండమ్మా."

"నాకేంటికి?"

"మీ మొగం మీద పౌడరు శానా మందంగా ఉండాది. ఇంత ఎండలో అంత మందాన ఎవురూ ఊరికే పుయ్యరు."

గది ఇచ్చిన మనిషితో, కారున్న మనిషితో, తన మనవరాలు అలా మాట్లాడుతుందని తిమ్మయ్య కలలో కూడా అనుకోలేదు. కృష్ణవేణమ్మ కొడుతుందేమో అనుకున్నాడు. ఆమె దూది లాక్కుంది. కుర్చీలో కూర్చుంది. తనే తుడుచుకుంది.

బలపం పోయింది. కావి పోయింది. కొండ అంతా దూది మీదికి వచ్చేసింది. కింద మిగిలిన చర్మం ఉల్లిపొరలా ఉంది. రెండు బుగ్గల నిండా, ముక్కు పక్కన, ఎర్రటి సన్నటి దారాలు అల్లుకుని ఉన్నాయి.

"మూడేండ్లు," అంది, అద్దంలో తనను తాను చూస్తూ. "రెండు తూర్లు ఆపినా. ఆపినప్పుడల్లా మొగం తీసకపోయి పొయ్యి మీద పెట్టినట్టుంటాది. మళ్ళా రాస్తే చల్లబడతాది. బిడ్డకట్ల కాదులే అనుకున్యా. నాది వయసుతో వచ్చిందనుకున్యా."

"స్టీరాయిడ్ అని ఒక మందుంటాది," అంది స్వర్ణలత. ఆమె గొంతులో గెలిచిన జాడ లేదు. "జబ్బు చేసినప్పుడు కొన్ని దినాలకు డాక్టర్లు రాసిచ్చేది. ఏండ్ల తరబడి మొగానికి రాస్తే చర్మం పల్చబడతాది, ఆపితే మండతాది. దీంట్లో అదే కలిపినారని నాకు అనుమానం. రాసుంటే చదివి చెబుదును. రాయలేదు. ఇద్దరూ కర్నూలులో చర్మం డాక్టరు కాడికి పోండి, ఈ డబ్బా తీసకపోండి. ఆపేది ఎట్లనో ఆయన చెప్పినట్ల చేయండి, సొంతంగా ఏమీ చేయొద్దు."

కృష్ణవేణమ్మ పౌడరంటిన దూదిని మడిచి బల్ల మీద పెట్టింది. "గది నీదే. ఉండు," అంది చివరికి. "ఈ మాట మాత్రం ఆ తలుపు దాటగూడదు."

"మాట దాటకుంటే నేను దాటాల్సొస్తాది అమ్మా," అంది స్వర్ణలత. "శ్రావణి మొగం తలుపు అద్దంలోంచి బయటోళ్ళంతా చూసినారు. నా నలుగుతోనే కాలిందని ఇప్పటికే అనుకోనుంటారు. రేపు ఈ కుర్చీలో కూర్చునేది ఎవురు? గది ఉంటే సరిపోతాదా?"

"నా తప్పని చెప్పండి తల్లీ," అన్నాడు తిమ్మయ్య. "ముసలోడు గోతం మార్చి తెచ్చినాడు, పిల్లకేమీ తెలీదని చెప్పండి. నా చేతులు ఎట్లాగూ పోయినాయి. ఉన్న పేరు కూడా పోనీ."

కృష్ణవేణమ్మ ఆయన చేతుల వైపు చూసింది. బల్ల మీది వెండి మూత డబ్బా అలవాటు కొద్దీ అందుకుంది. మూత తీసింది. స్పాంజి పొడికి తగిలింది కూడా. అద్దంలో ఒక్కసారి చూసుకుని, మూత పెట్టేసింది. లేచి, అద్దం తలుపు బార్లా తెరిచి, ఆ మొఖంతోనే అరుగు మీదికి నడిచింది.

మిట్టమధ్యాహ్నపు ఎండ. నీడ ఒక్క జానెడు లేదు. ఆ ఎండలో ఊరి ఆడవాళ్ళంతా ఆమె మొఖాన్ని మొదటిసారి చూశారు. చేతుల్లోని ఫోన్లు ఒళ్ళోకి దించారు.

"నలుగు కాదు," అందామె, తెల్ల డబ్బా ఎత్తి చూపిస్తూ. "ఇది. నా బిడ్డకు నేనే రాసినా."

బెంచీ చివర కూర్చున్న రామసుబ్బమ్మ ముందు లేచింది. ఆమె బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి. రవిక లోపలనుంచి చిన్న సంచి తీసి, సంచిలోంచి తెల్ల డబ్బా తీసి, స్వర్ణలత బల్ల మీద పెట్టింది. "నాది గూడా చూడు పాపా," అంది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. కబురు బస్టాండు దాటింది. పొద్దు వాలేసరికి బల్ల మీద ఏడు డబ్బాలు వరసగా కూర్చున్నాయి, దేనికీ వెనక లేదు.

ఈ భాగంలో నేను కల్పించినది ఒకటే. ఆ ఏడు. అవి ఏడు కాదు, ఇరవై మూడు. అసలు లెక్క రాస్తే ఈ కథ చెప్పే ముసలాడు మళ్ళీ కోతలు కోస్తున్నాడంటారని, జన్మలో మొదటిసారి తగ్గించి రాశాను. తగ్గించినవాటిలో ఒకదాన్ని మాత్రం దాచడం నావల్ల కాలేదు. ఇరవై మూడో డబ్బా పెట్టినది మగచెయ్యి. గోళ్ళ సందుల్లో తెల్ల క్రీము ఎండిపోయి ఉంది. డబ్బా పెట్టినవాడు వెనుదిరిగి పోకుండా అక్కడే నిలబడి, "దీంట్లో ఏముండాదో నేను చెప్తా, రాసుకో," అన్నాడు స్వర్ణలతతో.